రేకులక్క

రేకులక్క పోయిందని కబురొస్తే తిరువళ్లూరు వెళ్ళాను. ఇంటి ముందు షామియానా కింద ఆడవాళ్ళు చాప పరుచుకుని కూర్చున్నారు. వాళ్ళలో ఒకావిడ, ఆ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలికి చచ్చిపోయిన మనిషి ముఖం అలా ఎందుకుందో వివరిస్తోంది. కడుపుతో ఉన్నప్పుడు వాళ్ళమ్మ గ్రహణం పట్టిన వేళ గుమ్మడికాయ కోసిందట. కత్తి కాయ మీద పడితే తెగింది లోపలి బిడ్డకట. కొత్త కోడలు నోరు తెరుచుకుని వింటోంది. చెబుతున్నది బయటి మనిషి కాదు, రేకులక్కకు సొంత అక్క కూతురు. ఈ భూమ్మీద ఆ కథ చెప్పే హక్కు లేని మనిషి ఎవరైనా ఉంటే అది ఆమే. ఎందుకన్నది తర్వాత చెబుతాను. నేను ఏదో అనబోయి ఊరుకున్నాను. చావింట్లో వాదన పెట్టుకోవడానికి నాకు వయసు మించిపోయింది.

రేకులక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ అక్కర్లేకపోయింది. తిరువళ్లూరు పెరుమాళ్ళకు వైద్యుడని పేరు. కాలు నొప్పివాళ్ళు కాలి బొమ్మ ఉన్న వెండి రేకు, కంటి జబ్బువాళ్ళు కళ్ళ బొమ్మ ఉన్న రేకు కొని హుండీలో వేస్తారు. ఆ రేకులు అమ్మే అంగడి వాళ్ళది. పక్క అంగడి మాది, స్టీలు సామాన్లది. అమావాస్య వస్తే వాళ్ళ అంగడి ముందు జనం, మా అంగడి ముందు వాళ్ళు విప్పిన చెప్పులు.

ఇక మనిషి సంగతి. గడ్డం ఉందా లేదా అన్నట్టు లోపలికి పోయిన దవడ. కింది రెప్పలు జారి లోపలి ఎరుపు కనిపించే కళ్ళు. ముడుచుకున్న చిన్న చెవులు. అంగిలి చీలిక వల్ల మాటంతా ముక్కులో నుంచి వచ్చేది. తెలుగుకూ అరవానికీ ఆ విషయంలో తేడా చూపించేది కాదు. మోచేతుల కిందినుంచి చేతులు కురచ. రెండు చేతులకూ, రెండు కాళ్ళకూ చిటికెన వేళ్ళు లేవు. అంగిలి సంగతికి మన భాష ఎప్పుడో గ్రహణం మొర్రి అని పేరు పెట్టేసింది. పేరులోనే తీర్పు ఉన్నాక విచారణ ఎవరికి కావాలి?

వాళ్ళ నాయన ఉన్నన్నాళ్ళూ ఆమెను అంగడి వెనక గదిలో, తెర చాటున కూర్చోబెట్టాడు. రేకులు తుడవడం, దారం కట్టడం ఆమె పని. నాయన మంచాన పడ్డాక ఆమే ముందుకొచ్చి గద్దె మీద కూర్చుంది. చేతులు సరిగా లేని మనిషి దగ్గర చెయ్యి రేకు ఎవడు కొంటాడు, ఇక అంగడి మూతే అని వీధంతా తేల్చేసింది. మా నాన్న కూడా ఆ అంగడిని మాలో కలుపుకుంటే గోడ ఎక్కడ కొట్టాలో చూసుకున్నాడు. జరిగింది వేరు. ఆ చేతి మీదుగా కొన్న రేకుకు గుణం ఎక్కువని ఎవరు పుట్టించారో, ఆరణి నుంచి, అరక్కోణం నుంచి కూడా ఆమె కోసమే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. మా గోడ అలాగే ఉండిపోయింది.

ఒకసారి ఒక పెద్దాయన మొహమాటపడుతూనే అడిగాడు, నీకోసం నువ్వొక రేకు వెయ్యలేదా తల్లీ అని. అక్క చాలా శ్రద్ధగా జవాబు చెప్పింది.

"వేసినాననుకో సామీ, వేసినా వేలు మొలవలేదే అని మీరంతా నమ్మకం వదిలేస్తారు. వెయ్యలేదనుకో, వెయ్యలేదు గాబట్టి మొలవలేదు అనుకుంటారు. ఏపారానికి ఏది మంచిదో మీరే చెప్పండి."

ఆయన కాసేపు ఆలోచించి, రెండు రేకులు ఎక్కువ కొనుక్కుని పోయాడు.

జారిన రెప్పల వల్ల ఆమె కళ్ళ నుంచి ఎప్పుడూ నీళ్ళు కారేవి. భుజాన తువ్వాలు వేసుకుని తుడుచుకుంటూ ఉండేది. సంగతి తెలియని ఊరివాళ్ళు తమ కష్టం విని ఆమె ఏడుస్తోందనుకునేవాళ్ళు. మొగుడి తాగుడు, కోడలి నోరు, ఎడం మోకాలి పోటు, అన్నీ ఆమె ముందు దించుకునేవాళ్ళు. మా అమ్మ కూడా ఇంత ఏడవలేదమ్మా నాకోసం అని ఒకామె ఆమె చేతులు పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. ఆమె వెళ్ళాక అక్క నావైపు తిరిగి, పాపం ఆమె మోకాలికి నిజంగానే కొంచెం ఏడవాల్సింది అబ్బీ, అంది.

వీధిపిల్లలు ఆమె మాటను వెక్కిరించేవాళ్ళు. ఆమె తిట్టేది కాదు, దిద్దేది. అట్ల గాదు, ఇంకా ముక్కులో నుంచి రావాల, మళ్ళీ అనండి అనేది. వెక్కిరింపు పాఠంగా మారడంతో పిల్లలకు ఆట మీద ఆశ చచ్చిపోయేది.

గ్రహణం రోజున ఆమెను చూడాలి. వీధిలో తలుపులన్నీ మూసుకునేవి. కడుపుతో ఉన్నవాళ్ళను చీకటి గదిలో పెట్టి, కదలొద్దు, గోరు గిల్లొద్దు, గోక్కోవద్దు అని కాపలా కాసేవాళ్ళు. అక్క మాత్రం కత్తిపీట తెచ్చి బయట అరుగు మీద వేసుకుని, ఎండలో కూర్చుని ములక్కాడలు కోసేది. నాకింక తెగేదానికి ఏముందిలే అనేది. గ్రహణానికి ముందు రోజుల్లో ఆమెకు గిరాకీ కూడా ఉండేది. మాట వినని కడుపుతో ఉన్న కోడళ్ళను అత్తలు పిలుచుకొచ్చి, చూడు, మాట వినకపోతే ఇట్లే అని ఆమెను చూపించేవాళ్ళు. ఆమె చేతులు చాపి, బాగా చూడమ్మా, వెనక పక్క గూడా చూడు అని తిప్పి చూపించేది. ఇంకో సగం మంది అత్తలు, అలాంటి ముఖం చూస్తే కడుపులో బిడ్డకూ అలాంటిదే వస్తుందని కోడళ్ళ కళ్ళు కొంగుతో మూసి ఎదురు వరసలో నడిపించుకుని పోయేవాళ్ళు. రెండు రకాల అత్తలకూ ఒకరితో ఒకరికి పేచీ లేదు.

అరుగు మీద కూర్చుని ఆమె ఇంట్లోకి కేకేసేది: "అమ్మా, గుమ్మడికాయ ఉంటే ఈడికి తే. నీకు బాగా కోసే అలవాటు గదా."

వీధి నవ్వేది. ఆ తల్లిని నేను అంగడి ముందు చూసిన గుర్తే లేదు. సన్నటి మనిషి, ఎప్పుడూ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, ఎవరైనా పిలుస్తారేమో అని భయపడుతున్నట్టు ఉండేది. ఆమె మొగుడికి అక్క కూతురే. మేనమామనే చేసుకుంది. అంటే ఆ ఇంట్లో ఆమె అత్తే ఆమెకు అమ్మమ్మ. ఆ ముసలామె బతికున్నన్నాళ్ళూ ఉదయం అత్తగా గుమ్మడికాయ ఎత్తి తిట్టి, మధ్యాహ్నం అమ్మమ్మగా దగ్గర కూర్చోబెట్టుకుని అన్నం పెట్టేదట.

ఎనభైల మొదట్లో అక్కకు కన్ను పుండు పడింది. నేను మద్రాసు పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. కంటి డాక్టరు కన్ను చూసి, చేతులు చూసి, పుండుకు మందు రాసి ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. డాక్టరమ్మ అక్కను చూడగానే కుర్చీలోంచి లేచింది. చదువుకునే పిల్లలను పిలిచింది. కొలతలు, ఫొటోలు. ఇది చాలా అరుదైన సంగతి, పుస్తకంలో చదవడమే గానీ చూడలేదు అంది. దానికి ఇద్దరు విదేశీ డాక్టర్ల పేర్లు కలిపి ఏదో పేరు చెప్పింది, నా నాలుకకు అందలేదు. నన్ను చూసి ఇంత సంతోషపడినోళ్ళు పుట్టినప్పటి నుంచి లేరు అబ్బీ అని అక్క నా చెవిలో అంది.

తర్వాత డాక్టరమ్మ, మీ అమ్మానాన్నలు సొందమా, అంటే చుట్టాలా, అని అరవంలో అడిగింది. చుట్టరికం చెప్పాం. కాగితం మీద గుండ్రాలూ చతురస్రాలూ గీసి వంశం రాసుకుంటూ పోయింది. నాయన నుంచి పైకి ఒక గీత, అమ్మ నుంచి పైకి ఒక గీత. రెండు గీతలూ తిరిగి తిరిగి ఒకే ముసలామె గుండ్రం దగ్గరికి వచ్చాయి. అప్పుడు నిదానంగా చెప్పింది. ఒక లోపం మనిషిలో బయటికి కనబడకుండా దాగి ఉండొచ్చట. తల్లి దగ్గరా తండ్రి దగ్గరా అదే ఉండి, ఇద్దరూ బిడ్డకు అదే ఇస్తే అప్పుడు బయటపడుతుందట. ఒకే ఇంటివాళ్ళకు ఇద్దరి దగ్గరా అదే ఉండడానికి వీలెక్కువ. తోడబుట్టినవాళ్ళు పైకి చక్కగా ఉన్నా వాళ్ళలోనూ దాగి ఉండొచ్చు. కాబట్టి ఇంక మీ ఇంట్లో లోపల్లోపల సంబంధాలు వద్దు.

అక్క అంతా విని ఒకటే అడిగింది.

"అయితే ఇందులో సూర్యుడూ మా అమ్మా లేరా?"

లేరంది డాక్టరమ్మ నవ్వుతూ. అక్క నవ్వలేదు. ఇంకొకసారి చెప్పమంది. డాక్టరమ్మ ఇంకొకసారి చెప్పింది.

తిరుగు రైలెక్కాం. ఆవడి దాటాక అక్క, పోతానే అమ్మకు చెప్పాల, ఆయమ్మ కంటినిండా నిద్రపోయి ఎన్నేండ్లయిందో అంది. ఆమె అంత ఆత్రంగా ఇంటికి పోవడం నేను ఎప్పుడూ చూడలేదు. అమ్మ చేటలో బియ్యం పోసుకుని కూర్చుని ఉంది. అక్క గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అమ్మ చేట దించలేదు. డాక్టర్లకేం, ఏదో ఒకటి చెబుతారు, కాళ్ళు కడుక్కోని అన్నం తిను అంది. అక్కకు కోపమొచ్చింది. కోర్టు విడిచిపెట్టినా జైల్లో నుంచి రానంటా ఉంది చూడబ్బీ ఈయమ్మ అంది నాతో.

అన్నం తింటూంటే తెలిసింది, మేము ఊళ్ళో లేనప్పుడు ఇంట్లో ఒక శుభం కుదిరింది. అక్క కడగొట్టు తమ్ముడు ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. వాడికి కే.జీ.కండిగైలో ఉన్న పెద్దక్క కూతురిని ఇస్తున్నారు. మేనమామ హక్కు, ఇంటి పిల్ల ఇంటికే వస్తుంది, అందరికీ సంతోషం. తిరుత్తణిలో కొండ కింద సత్రంలో నిశ్చయ తాంబూలాలు. అక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అక్కడినుంచి ఆమె కనబడ్డ ప్రతివాళ్ళకూ డాక్టరమ్మ గుండ్రాలు గీసి చూపించడం మొదలుపెట్టింది. రేకులు చుట్టే కాగితాల మీద, అరుగు మీద సుద్దముక్కతో. ఎవరూ కాదనలేదు, ఎవరూ ఔననలేదు. ఆ తర్వాత పెద్దక్క వచ్చి అసలు మాట అనేసి పోయింది. తనకు పెండ్లి జరగలేదని తమ్ముడికి జరక్కుండా చేస్తా ఉందంట. ఆ మాట అక్కకు తగిలింది. ముఖం గురించి, చేతుల గురించి అన్న మాటలకు ఆమె దగ్గర తయారుగా జవాబులుండేవి, ఈ మాటకు మాత్రం అంగడి తలుపు వేసేసింది. కొన్నాళ్ళు తెరవలేదు.

తెరిచిన రోజే నన్ను పిలిచింది. తాంబూలాలకు నువ్వు గూడా రా, నువ్వు చెప్పు అంది. నేనెందుకక్కా అంటే, నా మాట ముక్కులో నుంచి వస్తాది, నీ మాట నోట్లో నుంచి వస్తాది, నమ్ముతారు అంది. ఆ పిల్లకు పుట్టే బిడ్డ తెర చాటున కూర్చోకూడదు అని కూడా అంది. ఆమె నోట తెర మాట నేను వినడం అదే మొదలు.

సత్రంలో చాపలు, పెద్దలు, పూలు, పండ్లు, పసుపు కుంకుమల తట్టలు. పెళ్ళికూతురి తండ్రి, అక్కకు పెద్దబావ, చెరుకు తోటల మనిషి, గొంతు పెద్దది, మనసు మంచిది. ముహూర్తం పెట్టిన అయ్యవారు తట్ట ముందుకు జరుపుతూండగా అక్క నన్ను పొడిచింది. నేను లేచి డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. బాగానే చెప్పానని ఇప్పటికీ అనుకుంటాను. బావ మర్యాదగా చివరిదాకా విన్నాడు. విని, నాయనా, మీ అమ్మానాన్నలది ఏం వరస అని అడిగాడు. నిజం చెప్పాల్సి వచ్చింది. మాదీ మేనరికమే. సత్రంలో అందరూ నా చేతులవైపు చూశారు. వేళ్ళన్నీ ఉన్నాయి. జీవితంలో మొదటిసారి రెండు చేతులనూ పంచెలో దాచుకోవాలనిపించింది.

అక్క లేచి మాట్లాడబోయింది. తొందరలో మాట ఇంకా ముక్కులోకి పోయింది. ఎవరో పిల్లలు నవ్వారు. బావ చెయ్యెత్తి ఆపాడు. ఆయన గొంతులో ఎగతాళి లేదు, నిజంగానే సర్దిచెప్పాలనుకున్నాడు.

"రగతంలో ఉంటే అందరికీ రావద్దా అమ్మణ్ణీ? నీ అక్కకు రాలేదే, నీ తమ్మునికి రాలేదే. ఇది గ్రహణం దోసం. అత్త తెలీక ఒక తప్పు చేసింది. ఆ తప్పు అత్తతోనే సరి. బిడ్డల దాకా ఎందుకు లాగతావు?"

అందరి తలలూ ఊగాయి. అక్క కూర్చుంది. తన మీదికి వచ్చిన మాటయితే తిప్పికొట్టేది, ఇది అమ్మ మీదుగా వచ్చింది. అయ్యవారు తట్ట మీద చెయ్యి వేశాడు.

అప్పుడు ఆడవాళ్ళ వెనకనుంచి అమ్మ లేచింది. పదిమందిలో ఆమె నోరు తెరవడం ఆ చుట్టాల్లో ఎవరూ చూడలేదు. స్తంభాన్ని పట్టుకుని నిలబడింది.

"నేను కొయ్యలేదు," అంది. "ఆ పొద్దు గ్రహణం విడిచేదాక గదిలో తలుపేసుకోని పండుకోనుంటి. కాయా కొయ్యలేదు, గడపా దాటలేదు. కోసినానని అబద్ధం చెప్పినా. డాక్టరు చెప్పిందే నిజమయి ఉంటాది. ఈ బిడ్డను వానికి ఇయ్యొద్దండి."

ముందు తేరుకున్నది అయ్యవారు. తట్టను తన వైపు లాక్కుని, తాంబూలాల ముందర గ్రహణం మాట వచ్చిందే, ఈ పొద్దుకు ఇంక ముహూర్తం లేదు అన్నాడు. ఆ మాట ముందు ఎత్తింది బావ. కానీ అల్లుడు ఎత్తితే అది వాదన, అత్త ఎత్తితే అపశకునం. పెద్దలంతా ఔనౌనన్నారు. డాక్టరమ్మ గుండ్రాలు చెయ్యలేని పని, నా ఉపన్యాసం చెయ్యలేని పని ఒక అపశకునం చేసింది. తాంబూలాలు వాయిదా పడ్డాయి. వెంటనే ఆషాఢం వచ్చింది. ఆ తర్వాత ఎవరూ మళ్ళీ అడగడానికి ముందుకు రాలేదు. తమ్ముడికి ఆరణిలో బయటి సంబంధం కుదిరింది. ఆ పిల్లకు ఇంకెక్కడో కుదిరింది. ఇద్దరికీ బిడ్డలు చక్కగా పుట్టారు. ఆ బిడ్డలను చూపించి, చూడండి, రక్తంలో ఏమన్నా ఉందా, అంతా డాక్టర్ల మాటలు అని ఆ ఇంటివాళ్ళు ఈరోజుకీ అంటారు. సత్రంలో అమ్మ అన్న మాటను ముసలితనం ఖాతాలో వేసేశారు. గుమ్మడికాయ మాత్రం నిలిచింది. చావింట్లో కొత్త కోడలికి దాన్ని అప్పగిస్తూ కూర్చున్నది, ఆ రోజు తాంబూలాలు ఆగిపోయిన ఆ పెళ్ళికూతురే.

తాంబూలాలు ఆగిన రోజు సాయంత్రం తిరుత్తణి స్టేషన్లో అక్క, అమ్మ, నేను పాసింజరు కోసం బెంచీ మీద కూర్చున్నాం. చుట్టాలెవరూ సాగనంపడానికి రాలేదు. అమ్మ మధ్యాహ్నం నుంచీ ఏమీ తినలేదు. నేను ఇడ్లీలు తెచ్చి పొట్లం విప్పాను. అక్క తల్లికేసి చూస్తూ కూర్చుంది, పొట్లం ముట్టలేదు.

"కొయ్యకుండానే కోసినానని ఎందుకమ్మా చెప్పినావు?" అని అడిగింది చివరికి.

అమ్మ ఇడ్లీ తుంచి, కూతురు చేతిలో పెట్టి, తర్వాత చెప్పింది. రేకులక్క పుట్టిన పూటే వాళ్ళ జేజి, అంటే నాయన తల్లి, బిడ్డను ఎత్తి దీపం దగ్గర పట్టుకుని చూసిందట. ఏ జన్మలో ఎంత పాపం చేసి పుట్టిందో ఇది అని నోరు తెరిచిందట.

"నువ్వు ఇంకా కండ్లు గూడా తెరవలేదు," అంది అమ్మ. "అప్పుడే నీ మీద పాపం పెడతా ఉండారు. ఎవురో ఒకరి మీద పెట్టందే వాళ్ళకు తోచదు. నిన్ను చూస్తే ఇంతే ఉండావు, మొయ్యలేవు. నేనే గ్రహణంలో కాయ కోసినాలే అంటి. ఆయమ్మ నిన్ను దించేసి నా మీదికి తిరుక్కునింది."

అక్క చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉంది. ప్లాట్‌ఫాం చివర సిగ్నలు పడింది.

"నేను గూడా నిన్నే అంటి గదమ్మా, ఇన్నేండ్లూ," అంది.

"అంటే అంటివిలే. నిన్ను నువ్వే అనుకోలేదు గదా," అంది అమ్మ. "తిను, రైలొస్తా ఉంది."